యానాం మోపెడ్లు, కార్బొరేటర్లో చెత్త

ఈ బ్లాగులో ఇంతవరకు మన ఇంటి పెళ్ళిళ్ళ గురించి, వలస వచ్చిన దారుల గురించి, పండగ వంటల గురించి రాసుకున్నాం. ఈసారి ఒక ఇనప సామాను గురించి రాస్తున్నాను. టూస్ట్రోక్ మోపెడ్, దాని కార్బొరేటర్, ఆ కార్బొరేటర్లోకి దుమ్మూ తుప్పూ నీళ్ళూ పోకుండా గోదారి చివరన ఉన్న యానాంలో మనవాళ్ళు పడ్డ తిప్పలు. ఇదేం చరిత్ర అనుకోకండి. 1970ల నుంచి 2000ల దాకా చేపలు, కొబ్బరికాయలు, పాలక్యాన్లు, బడికెళ్ళే పిల్లలు అన్నీ ఈ బళ్ళ మీదే తిరిగాయి. బండి నడిస్తేనే ఆ పూట బేరం. బండి నడవాలంటే గుండుసూది దూరేంత ఒక రంధ్రం శుభ్రంగా ఉండాలి. ఒక తరం బతుకు ఆ రంధ్రం మీద ఆధారపడింది అంటే పెద్ద మాటలా ఉంటుంది గానీ, అబద్ధం కాదు.

సరిహద్దు ఊరు

గంగావతిలో, సింధనూరులో, బెంగుళూరులో పుట్టిన మన పిల్లలు చాలామంది యానాం చూడలేదు. వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. యానాం మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. గౌతమి గోదావరి ఒడ్డున, కోరంగి పాయ విడిపోయే చోట ఉంటుంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్. పరిపాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచి. 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్ళు వర్తకం కోసం పెట్టుకున్న స్థావరం ఇది. 1954 జూన్ 13న ఇక్కడ ఫ్రెంచి పాలన కూలింది, ఆ ఏడాది నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది, 1962 ఆగస్టు 16న చట్టప్రకారం కూడా అప్పగింత పూర్తయింది.

ఇలాంటి ఊరికి ఒక లక్షణం ఉంటుంది. చుట్టుపక్కల లేనిదో, కాస్త చవకగా దొరికేదో ఏదో ఒకటి అక్కడ ఉంటుంది, దానికోసం జనం గీత దాటి వస్తారు. 1929లో బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలను ఆపే శారదా చట్టం వచ్చినప్పుడు, అది ఫ్రెంచి నేల మీద చెల్లదు కాబట్టి చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి యానాం వచ్చేవాళ్ళు. అందుకే దానికి కల్యాణపురం అని పేరు పడింది. గర్వపడాల్సిన సంగతి కాదు, కానీ జరిగిన సంగతి. తర్వాతి కాలంలో మందు, బళ్ళ రిజిస్ట్రేషను, పెట్రోలు. పుదుచ్చేరి పన్ను ఆంధ్రా పన్ను కంటే తక్కువ కాబట్టి యానాం బంకుల్లో పెట్రోలు చవక. ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ట్యాంకు నింపుకోవడానికే కాదు, డబ్బాల్లో పట్టుకుపోవడానికీ వచ్చేవాళ్ళు. మన కథలో చెత్త చాలావరకు ఆ డబ్బాల్లోనే మొదలవుతుంది. అక్కడికి వస్తాను.

మోపెడ్ ఎలా వచ్చింది

తమాషా ఏంటంటే, మన దేశంలో తొలి మోపెడ్లలో ఒకటి ఫ్రెంచి సంతానమే, అదీ తెలుగు నేల మీద తయారైంది. ఫ్రాన్సులో మోటోబెకాన్ కంపెనీ 1949లో మొబిలెట్ అనే తేలిక బండి తెచ్చింది. సైకిల్లా పెడళ్ళు, దానికి చిన్న టూస్ట్రోక్ ఇంజను. ఆ కంపెనీ సాంకేతిక సహకారంతో 1960లలో తిరుపతిలో మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ వాళ్ళు సువేగా తయారు చేశారు. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళాక, వాళ్ళ బండి తిరుపతి మీదుగా మన ఊళ్ళకు వచ్చిందన్నమాట.

1972లో పుణే నుంచి కైనెటిక్ వాళ్ళ లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది, ఇద్దరు కూర్చునే వీలున్న మోపెడ్. హోసూరు మనకు పరాయి ఊరు కాదు, తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే బజారులో వినిపించే చోటు. ఇక కన్నడ దేశంలో పెరిగిన మాలాంటి వాళ్ళకు టూస్ట్రోక్ అంటే ముందు గుర్తొచ్చేది మైసూరు జావా. 1961 నుంచి అక్కడ తయారై, 1973 తర్వాత యెజ్డీ పేరుతో నడిచి, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. బళ్ళు వేరు, ఇంజను పద్ధతి ఒకటే. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయడమే.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని వచ్చారు, మనమూ ఆ గుంపులోవాళ్ళమే. మన క్యాంపుల్లో ఈ మోపెడ్లు పొలానికి ఎరువు బస్తా మోసేవి. యానాం వైపు ఉండిపోయిన బంధువుల దగ్గర చేపల పెట్టె మోసేవి. ఎరువు ఒక రోజు ఆలస్యమైనా పర్వాలేదు. చేప ఆగదు. ముఖ్యంగా వరద రోజుల్లో సముద్రం నుంచి గోదారిలోకి ఎదురెక్కి వచ్చే పులస. యానాం రేవులో పొద్దున్నే పాట పాడి కొన్న చేప, ఎండ ముదరక ముందే లోపలి ఊళ్ళకు చేరాలి. మా పెద్దమామయ్యకు అదే బేరం. దారిలో ఇంజను పట్టేస్తే ఐసు కరుగుతుంది, చేప మెత్తబడుతుంది, పెట్టుబడి పోతుంది, పైన బోరు చేయించిన ఖర్చు. ఒకసారి ఆయన బండి అలా పట్టేసి, ఇంజను విప్పి చూస్తే కారణం జెట్టులో ఇరుక్కున్న చిన్న తుప్పు పొలుసు. ఆ సీజన్లో మిగలాల్సింది ఆ పొలుసు తినేసింది అని మా అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది.

టూస్ట్రోక్ ఎందుకంత సున్నితం

ఒక తుప్పు పొలుసుకు ఇంజను ఎలా పోతుంది? ఇది అర్థం కావాలంటే లోపలి పని కొంచెం తెలియాలి.

1891లో ఇంగ్లండులోని బాత్ నగరంలో జోసెఫ్ డే అనే ఆయన మనం వాడే రకం టూస్ట్రోక్ ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన తెలివి ఏంటంటే, పిస్టన్ కింద ఉన్న గదినే పంపులా వాడుకోవడం. పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు కింద గదిలోకి గాలి, పెట్రోలు పీల్చుకుంటుంది. కిందికి దిగినప్పుడు ఆ మిశ్రమాన్ని పక్క దారుల గుండా పైకి నెడుతుంది. వాల్వులు లేవు, వాటిని తిప్పే సామాను లేదు. అందుకే చవక, అందుకే తేలిక.

కానీ ఆ కింద గదిలోనే క్రాంకు తిరుగుతుంది, బేరింగులు ఉంటాయి. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో అక్కడ విడిగా ఆయిలు నిలవ ఉంటుంది. టూస్ట్రోక్‌లో అలా ఉంచడానికి లేదు, ఎందుకంటే అది పెట్రోలు నడిచే దారి. కాబట్టి ఆయిలును పెట్రోల్లోనే కలిపి పంపాలి. లీటరుకు 20 మిల్లీలీటర్లు అంటే 50కి ఒక పాలు. పాత బళ్ళకు ఇంకా ఎక్కువ, 25కి ఒక పాలు. బంకులో పెట్రోలు పక్కనే చేత్తో తిప్పే టూటీ ఆయిలు పంపు ఉండేది గుర్తుందా? అది దీనికోసమే.

ఇక్కడ రెండు సంగతులు తేలతాయి.

మొదటిది, జెట్టు. కార్బొరేటర్లో పెట్రోలును కొలిచి వదిలే ఇత్తడి మర అది, మధ్యలో రంధ్రం. డెల్లార్టో పద్ధతి జెట్ల మీద 98 అని అంకె ఉంటే రంధ్రం 0.98 మిల్లీమీటర్లు అని అర్థం. నెమ్మదిగా తిరిగేటప్పుడు పనిచేసే పైలట్ జెట్టుకు అందులో సగమే ఉంటుంది. దానికి సగం అడ్డుపడితే ఫోర్‌స్ట్రోక్ బండి కొట్టుకుంటుంది, దగ్గుతుంది, ఆగుతుంది, అంతే. టూస్ట్రోక్‌లో అదే రంధ్రం గుండా ఆయిలూ రావాలి. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమం ఇంజనును మామూలు కంటే వేడెక్కిస్తుంది. అంటే వేడి పెరిగిన సమయానికే జిడ్డు కరువవుతుంది. పిస్టన్ ఉబ్బి సిలిండరును పట్టేస్తుంది. అన్నం, మందు ఒకే గొంతులో దిగాల్సిన మనిషికి గొంతు పూడినట్టు.

రెండోది, గాలి. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలితో వచ్చిన దుమ్ము టూస్ట్రోక్‌లో నేరుగా క్రాంకు గదిలోకి వెళుతుంది. పెద్ద బేరింగు, చిన్న బేరింగు, పిస్టన్, రింగులు అన్నిటినీ రాసుకుంటూ పోతుంది. ఫోర్‌స్ట్రోక్‌లోలాగా ఆయిలుతో పాటు దాన్ని కిందికి దింపి, ఆయిలు మార్చినప్పుడు బయటకు తీసే వీలు లేదు. పిస్టన్‌కీ సిలిండరుకీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కలో ఉంటుంది. అందులో ఇసుక రేణువు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చెత్త ఎక్కడి నుంచి

యానాం దుమ్ము మామూలు దుమ్ము కాదు. గోదారి తెచ్చిన ఒండ్రు ఎండితే పిండిలా లేస్తుంది. గట్టు రోడ్ల మీద, లంకల్లో ఇసుక. ఇసుకంటే స్ఫటికం, ఇనుము కంటే గట్టిది.

డెల్టాలో దానికి తోడు ఇంకోటి ఉంది, ఊక బూడిద. రైసు మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో ఊక కాలుస్తారు. ఆ బూడిదలో 85 శాతానికి పైగా సిలికా, అంటే ఇసుక జాతే. మన అమ్మమ్మలు అంట్లు తోమింది బూడిదతోనే. ఇత్తడి గిన్నెను అరగదీసి మెరిపించే ఆ గుణమే సిలిండరు గోడనూ అరగదీస్తుంది. గాలి వాటున మిల్లు ఉన్న ఊళ్ళో బండి తొందరగా బోరుకొచ్చేది అంటే అందులో మాయ లేదు.

ఇది గాలి దారి. పెట్రోలు దారిలో వచ్చే చెత్త వేరు.

ఒకటి, తుప్పు. సముద్రం దగ్గర ఊరు, ఎప్పుడూ చెమ్మ. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, రాత్రి చల్లబడ్డప్పుడు ఆ ఖాళీలోని గాలిలో ఉన్న చెమ్మ లోపలి గోడకు నీటి బొట్లుగా పడుతుంది. రేకు తుప్పు పడుతుంది. పొలుసులు రాలి అడుగున చేరతాయి.

రెండు, డబ్బాలు. చవక పెట్రోలు కోసం యానాం వచ్చిన వాళ్ళు తెచ్చుకునేది వంటనూనె డబ్బానో, పురుగుమందు క్యానో, కిరసనాయిలు టిన్నో. అందులో మిగిలిన జిడ్డు, మట్టి, మూత దగ్గర పేరుకున్న దుమ్ము అన్నీ పెట్రోలుతో పాటే ట్యాంకులోకి. తర్వాత అదే పెట్రోలు సరిహద్దు అవతల కిళ్ళీ బడ్డీల దగ్గర సీసాల్లో కనపడేది. సీసా నోటికి చుట్టిన గుడ్డపీలిక నుంచి దారపు పోగులు కూడా జెట్టు దాకా చేరేవి. రేషను కిరసనాయిలు కల్తీ సరేసరి. అది వేరుగా తెలియాలనే ప్రభుత్వం దానికి నీలం రంగు కలిపింది.

మూడు, నీళ్ళు. 2002లో యానాం, ఎదుర్లంక మధ్య వంతెన వచ్చేదాకా గౌతమి దాటాలంటే పంటే దిక్కు. ఆ వంతెనకు లోక్‌సభ స్పీకరుగా ఉంటూ ఆ ఏడాదే ప్రమాదంలో పోయిన జి.ఎం.సి. బాలయోగి గారి పేరు పెట్టారు. అంతకు ముందు బండిని పలకల మీదుగా పంటు ఎక్కించాలి, అలలకు తడవాలి, అవతల ఒడ్డున తడి ఇసుకలో నెట్టాలి. ఇవి మామూలు రోజులు. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 రాత్రి తుపాను, 2022 జూలై వరద, ఇవి అసలు పరీక్షలు. నీళ్ళలో మునిగిన బండి ట్యాంకులో మూత సందు నుంచి నీళ్ళు చేరతాయి. పెట్రోలు నీటి కంటే తేలిక, లీటరు ముప్పావు కిలో కూడా తూగదు. కాబట్టి నీళ్ళు అడుగుకు చేరతాయి. కాక్ ఉండేది కూడా అడుగునే. అంటే వరద తర్వాత కిక్కు కొట్టగానే కార్బొరేటర్లోకి మొదట వచ్చేది పెట్రోలు కాదు, గోదారి.

రిజర్వులో పడ్డాకే బండి మొరాయించడానికీ ఇదే కారణం. మామూలు దారికి పెట్టిన గొట్టం ట్యాంకు అడుగు నుంచి కాస్త పైకి లేచి ఉంటుంది. రిజర్వు రంధ్రం అట్టడుగున ఉంటుంది. నెలల తరబడి పేరుకున్నదంతా ఆ రోజే కదులుతుంది.

మనవాళ్ళు ఏం చేశారు

పుస్తకం చదివి కాదు, నష్టపోయి నేర్చుకున్నారు. ఆ పద్ధతుల్లో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి.

మొదటి మంచి పద్ధతి గరాటు. సన్న ఇత్తడి జాలీ ఉన్న గరాటు, దాని మీద ఉతికిన పాత పంచె ముక్క రెండు మడతలు. డబ్బా పెట్రోలు అయితే ఒక రాత్రి కదపకుండా ఉంచి, మర్నాడు అడుగున వేలెడు వదిలేసి పైది మాత్రమే వంచేవాళ్ళు. మట్టీ నీళ్ళూ ఆ వేలెడులో మిగిలిపోతాయి. చెరువు నీళ్ళు తేర్చుకుని తాగిన జనానికి ఈ కిటుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండోది, ఇల్లు చేరేముందు కాక్ కట్టేయడం. వీధి మొదట్లోనే కాక్ తిప్పేస్తే ఫ్లోటు గిన్నెలో ఉన్న పెట్రోలుతోనే బండి ఇంటి దాకా వస్తుంది, వచ్చి ఆగుతుంది. గిన్నె ఖాళీ. ఇది పెట్రోలు మిగుల్చుకునే పిసినారితనం అనుకునేవాళ్ళు పిల్లలు. అసలు సంగతి వేరు. గిన్నెలో పెట్రోలు నిలవ ఉంటే రోజుల తరబడి ఆవిరైపోయి, కలిపిన ఆయిలు మాత్రం మిగులుతుంది. అది బంకలా జెట్టుకు పడుతుంది, దుమ్ము దానికి అంటుకుంటుంది. ఖాళీ గిన్నెలో ఆ బాధ లేదు.

మూడోది, ఫిల్టరు స్పాంజి. మోపెడ్ల ఫిల్టరులో ఉండేది నురుగు స్పాంజి. దాన్ని కిరసనాయిల్లో ఉతికి, మెలిపెట్టకుండా పిండి, నీడన ఆరబెట్టి, నాలుగు చుక్కల ఇంజనాయిలు రాసి మళ్ళీ పిండి పెట్టాలి. ఆ చివరి పని చాలామంది వదిలేసేవాళ్ళు. పొడి స్పాంజి పెద్ద చెత్తను ఆపుతుంది, సన్న బూడిదను ఆపలేదు. జిడ్డు ఉంటేనే సన్న దుమ్ము అంటుకుంటుంది. ఊరు, కాలం బట్టి వారానికోసారో, నెలకోసారో ఈ పని. మన తుంగభద్ర నల్లరేగడి దుమ్ముకూ ఇదే మందు. స్పాంజి పూర్తిగా పూడిపోతే గాలి చాలక బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, అది వేరే తలనొప్పి.

ఇక చెడ్డ పద్ధతులు. ఫిల్టరు పీకేస్తే పికప్ పెరుగుతుందని ఒక నమ్మకం ఉండేది. మొదటి రోజు బండి మోత పెరుగుతుంది, దాన్నే బలం అనుకునేవాళ్ళు. గాలి ఎక్కువై, దుమ్ము నేరుగా లోపలికి పోయి, కొన్ని నెలలకే బోరుకొచ్చేది. జెట్టులో గుండుసూదో, బ్రేకు వైరు పోగో పెట్టి కెలకడం ఇంకోటి. ఇత్తడి మెత్తన. రెండుసార్లు కెలికితే రంధ్రం పెద్దదవుతుంది, గుండ్రం పోతుంది, ఆ జెట్టు కొలత ఇక ఎప్పటికీ రాదు. పెట్రోల్లో నానబెట్టి, గాలి పంపుతో ఊది, వెలుతురుకు పెట్టి చూడటమే సరైన దారి. అవతల కనపడే వెలుగు నిండు చుక్కలా ఉండాలి. పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు లాగడం అయితే ప్రాణం మీదికే. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే దారిని ముక్కలు చేసి, ఒక చివర నుంచి ఒక్కో ముక్క చూసుకుంటూ రావాలని మాకు నేర్పుతారు. యానాంలో మెకానిక్కులు చేసేది కూడా ముమ్మాటికీ అదే అని నాకు తర్వాత తెలిసింది. ముందు కార్బొరేటరు దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి కాక్ తెరుస్తారు. ధార సన్నగా ఉంటే తప్పు ట్యాంకులోనో, మూత గాలి రంధ్రంలోనో, కాక్ జాలీలోనో. ధార బాగుంటే గిన్నె విప్పుతారు. అడుగున ఎర్రపొడి ఉంటే తుప్పు, జారే గుండ్రటి బొట్లుంటే నీళ్ళు, పచ్చటి బంక ఉంటే నిలవ పెట్రోలు. తర్వాత జెట్టు. చివర ప్లగ్గు. ఇటుకరంగు ఉంటే మంచిది, నల్లగా తడిగా ఉంటే గాలి చాలడం లేదు, తెల్లగా మాడి ఉంటే పెట్రోలు చాలడం లేదు. ఆ తెలుపు చూస్తే పాత మెకానిక్కులు బండిని ఆ రోజు ఇచ్చేవాళ్ళు కాదు. దారిలో పట్టేస్తుందని వాళ్ళకు తెలుసు.

కాలం మారింది

2003 జనవరి నుంచి పెట్రోల్లో 5 శాతం ఇథనాలు కలపడం మొదలైంది. ఆ తొలి విడత రాష్ట్రాల్లో ఆంధ్రా, కర్ణాటక ఉన్నాయి, కేంద్రపాలిత ప్రాంతాల్లో పుదుచ్చేరి ఉంది. అంటే యానాం, గంగావతి రెండూ. చెరుకు రైతుకు మేలే. పాత కార్బొరేటరుకు మాత్రం కొత్త కష్టం. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే పెట్రోలు నుంచి విడిపోయి నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. పాత ట్యాంకు గోడలకు పట్టిన మురికిని కదిలిస్తుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది. ఇప్పుడు ఆ కలయిక 20 శాతానికి వచ్చింది. చెమ్మ ఊళ్ళో, నెలల తరబడి కదలని బండిలో దీని సంగతి చూసుకోవాల్సిందే.

ఈలోగా బండే మారిపోయింది. టూస్ట్రోక్‌లో కొంత పెట్రోలు మండకుండానే పొగగొట్టంలోంచి బయటికి పోతుంది, కలిపిన ఆయిలు పొగవుతుంది. ఊరి గాలికి అది మంచిది కాదు, పోవాల్సిందే. 2015లో టీవీఎస్ వాళ్ళ ఎక్స్ఎల్ 100 ఫోర్‌స్ట్రోక్ ఇంజనుతో వచ్చింది. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 నియమాలు వచ్చాక మోపెడ్‌లో కూడా కార్బొరేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. కాక్ కట్టేయక్కర్లేదు, ఆయిలు కలపక్కర్లేదు. యానాం మార్కెట్లో ఇప్పుడు చేపల పెట్టె మోసేది ఎక్కువగా అలాంటి బళ్ళే.

ఇంట్లో ఇంకా ఉన్నవాళ్ళకు

మన బంధువుల ఇళ్ళలో గొడ్ల సావిట్లోనో, మెట్ల కిందో పాత మోపెడ్లు ఇంకా ఉన్నాయి. అమ్మడానికి మనసొప్పదు, నడపడానికి తీరిక లేదు. వాళ్ళకు ఈ నాలుగు ముక్కలు.

పక్కన పెట్టే బండి అయితే ట్యాంకు పూర్తిగా దింపేయండి, గిన్నె కూడా. ట్యాంకులో కాస్త టూటీ ఆయిలు పోసి అన్ని వైపులకూ వంచితే లోపలి రేకుకు జిడ్డు పొర పడుతుంది, తుప్పు ఆగుతుంది. గుర్తుంటే ఆరు నెలలకోసారి మళ్ళీ చేయండి.

ఏళ్ళ తర్వాత తీసే బండికి పెట్రోలు పోసి కిక్కు కొట్టడం మొదటి పని కాకూడదు. ట్యాంకు విప్పండి. గుప్పెడు చిన్న నట్లు వేసి, కిరసనాయిలు పోసి బాగా కుదిపి, ఎర్రనీళ్ళు రావడం ఆగేదాకా కడగండి. వేసిన నట్లు లెక్కపెట్టుకోండి, అన్నీ బయటికి రావాలి. కాక్ జాలీ, రబ్బరు పైపు, గిన్నె వాషరు కొత్తవి వేయించండి. ఫిల్టరుకూ కార్బొరేటరుకూ మధ్య రబ్బరు చీలి ఉంటే ముందు అది మార్చండి, లేకపోతే ఫిల్టరు ఎంత శుభ్రం చేసినా దుమ్ము పక్కదారిన వస్తుంది. పైపు మధ్యలో ప్లాస్టిక్ ఫిల్టరు పెట్టేవాళ్ళు సన్న జాలీది పెట్టండి. మోపెడ్ ట్యాంకు కార్బొరేటరు కంటే కొంచెమే ఎత్తులో ఉంటుంది, పెట్రోలు దానంతట అది జారాలి. కాగితం ఫిల్టరు అయితే ఆ కొద్దిపాటి ధారనూ ఆపి, మనం తప్పించాలనుకున్న కరువునే తెస్తుంది. పెట్రోలు పని ఏదైనా బయట, దీపాలకూ పొయ్యికీ దూరంగా చేయండి.

యానాం గురించి రాసేవాళ్ళు ఫ్రెంచి జెండా గురించి, కల్యాణపురం గురించి, పులస గురించి రాస్తారు. రాయాలి కూడా. వాటి పక్కనే ఈ చిన్న పనులకూ ఒక చోటు ఉండాలని నా కోరిక. గరాటు మీద పంచె ముక్క, వీధి మొదట్లో కట్టేసిన కాక్, స్పాంజికి రాసిన నాలుగు చుక్కల ఆయిలు. వీటిని ఎవరూ రాసి పెట్టలేదు, ఎందుకంటే చేసేవాళ్ళకు ఇవి చరిత్ర కాదు, పొద్దున్నే చేసే పని. ఆ పని సరిగ్గా జరిగిన ఇళ్ళలో ఫీజులు కట్టారు, పిల్లలు చదువుకున్నారు, కొందరు తుంగభద్ర దాకా, ఇంకొందరు ఇంకా దూరం వచ్చారు. మీ ఇంట్లో ఇలాంటి బండి నడిపిన పెద్దలు ఉంటే, ఏ ఊరి పెట్రోలు ఎలా వడకట్టేవారో ఒకసారి అడగండి. విన్నది విన్నట్టు ఒక కాగితం మీద రాసి ఉంచండి.